బొబ్బిలి వైపు నుంచి వచ్చిన విన్చెస్టర్: అరుగుదల డైరీ

తొలేళ్లకి (పైడితల్లమ్మ సిరిమాను పండగ ముందు రోజుకి) ముందు వారం

తుపాకులు బాగుచేసే మా షాపుకి బాబుగారు ఒక పాత విన్చెస్టర్ రైఫిల్ తెచ్చారు. ఫిర్యాదు రెండు ముక్కల్లో రిజిస్టర్‌లో రాసుకున్నాను. లివర్, అంటే తూటా ఎక్కించడానికి ఆడించే కింది మీట, తిప్పుతుంటే మధ్యలో బిగుసుకుపోతోంది. మూసిన తర్వాత నిలవకుండా కిందికి వేలాడుతోంది. ఈ రెండూ చూసి బాబుగారు రోగం తనే తేల్చేశారు. "లాకులు అరిగిపోనాయి బావు, నూరేళ్లు దాటిన ముక్క కదా, ఏటి సేస్తాం" అన్నారు. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. రైఫిల్ తాతగారిది. లైసెన్సు వారసత్వంగా ఆయన పేరు మీదికి వచ్చింది. పుస్తకంలో నంబరు, రైఫిల్ మీది నంబరు ఒకటేనని ఇద్దరం కలిసి చూసుకున్నాకే లోపలికి తీసుకున్నాను.

"దీంతోనే మా తాతగారు పంటలో పడే పందుల్ని కొట్టీవోరట" అన్నారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ మాటకి కాలం చెల్లింది. అప్పటి నుంచి ఇది దూలం మీద, బీరువాలో, ఎన్నికలప్పుడు డిపాజిట్‌లో, మళ్లీ బీరువాలో. అంతే దీని బతుకు.

కూడా వచ్చిన అల్లుడు ఇది యాంటిక్ కాబట్టి లైసెన్సు అక్కర్లేదని వాదించాడు. షాపుకి వచ్చే వాళ్లలో సగం మంది ఇదే అంటారు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ అది పాతకాలపు ముక్కయి ఉండి, బాగుచేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదైతేనే. ఇది పనికొచ్చే రైఫిల్. వయసు చూసి చట్టం వదిలిపెట్టదు. మరమ్మతు చేయడానికీ, పరీక్షించడానికీ కూడా లైసెన్సు కావాలి. అందుకే దీన్ని మా షాపు బల్ల మీద తప్ప ఇంకెక్కడా విప్పను. లేత్ షాపుకి కూడా రైఫిల్ వెళ్లదు, డ్రాయింగ్ మాత్రమే వెళ్తుంది.

ఆయన దీన్ని 'డెబ్భై మూడు' అంటున్నారు, అంటే 1873 మోడల్ అని. కాదు. డెబ్భై మూడుకి పైన జరిగే దుమ్ము మూత ఉంటుంది, పక్కన విప్పదీసే పలకలు ఉంటాయి. దీనికి ఆ రెండూ లేవు. పైనుంచి చూస్తే బోల్ట్‌కి (తూటా వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీకి) అటూ ఇటూ రెండు లాకింగ్ ముక్కల తలలు కనబడుతున్నాయి. బ్యారెల్ మీద 1884 అక్టోబరు 14 పేటెంటు తేదీ ఉంది. ఇది 1892 మోడల్, జాన్ బ్రౌనింగ్ డిజైన్. ఎనిమిది పలకల బ్యారెల్, 24 అంగుళాలు, .44-40 తూటా. ప్రూఫ్ ముద్ర, అంటే ఫ్యాక్టరీలో పేల్చి పరీక్షించాక కొట్టే గుర్తు, కోడిగుడ్డు ఆకారపు గీతలో డబ్ల్యూ, పి అక్షరాలు. ఆ ముద్ర 1905లో మొదలైంది కాబట్టి రైఫిల్ అంతకన్నా పాతది కాదు.

మోడల్ పేరు తేల్చుకోవడం సరదా కోసం కాదు. రెండూ ఒకే తూటా తింటాయి గానీ బలం ఒకటి కాదు. డెబ్భై మూడులో బోల్ట్‌ని పట్టి ఉంచేది మోకాలి కీలు లాంటి మడత. తొంభై రెండులో రెండు ఉక్కు దిమ్మలు నిలువుగా పైకి లేచి బోల్ట్ వెనక భాగంలో పక్క గాళ్లలో అడ్డంగా నిలబడతాయి. బాబుగారు లాకులంటున్నది వీటినే. అప్పట్లో కంపెనీ తొంభై రెండు కోసం చేసిన ఎక్కువ వేగం తూటాల పెట్టెల మీద 'డెబ్భై మూడులో వాడొద్దు' అని అచ్చేసేది. కాబట్టి ఏ మోడలో తెలియకుండా లాకులు అరిగాయా లేదా అని మాట్లాడటం దండగ.

మధ్యలో బిగుసుకుంటోందని ఎలా తెలిసిందని అడిగాను. ఇంట్లో ఉన్న పాత తూటాలు నాలుగు పెట్టి పెరట్లో లివర్ ఆడించి చూశారట. పేల్చలేదు, ఆడించారంతే. నిజం తూటాలతో మళ్లీ ఆ పని చేయొద్దని, వాటిలో ఒక్కటి కూడా నా షాపుకి తేవద్దని గట్టిగానే చెప్పాను. ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు.

అదే వారం, మధ్యాహ్నం

విప్పక ముందే చేయాల్సిన పరీక్షలు. రోగం కళ్లారా చూడకుండా విప్పితే, శుభ్రం చేసే పనిలో ఆ రోగమే మాయమవుతుంది, తర్వాత ఎక్కడుందో తెలియదు. తూటా కూర్చునే గది ఖాళీ, బ్యారెల్ గొట్టం ఖాళీ, కింద తూటాలు నిలవుండే మ్యాగజైన్ ఖాళీ. వేలు పెట్టి చూశాను, తమ్ముడి చేత కూడా చూపించాను.

హ్యామర్‌ని (ఫైరింగ్ పిన్‌ని కొట్టే సుత్తిని) సగం వరకు లాగి హాఫ్‌కాక్‌లో నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాను. పడలేదు. పూర్తిగా లాగి వెనక నుంచి బొటనవేలితో నెట్టాను. పడలేదు. రెండూ సరే అని రాసుకున్నాను.

లివర్ మూసి, రైఫిల్‌ని తలకిందులుగా పట్టుకుంటే ఫర్వాలేదు. మామూలుగా పట్టుకుంటే లివర్ అర అంగుళం దాకా జారుతోంది. లివర్‌ని మూసిన చోట పట్టి ఉంచేది ఫ్రిక్షన్ స్టడ్ అని చిన్న ముక్క, వెనక స్ప్రింగ్. అది కదలడం లేదని పైనుంచే అనుమానం వచ్చింది.

మధ్యలో బిగుసుకోవడం చూడాలంటే తూటాలు కావాలి. నిజమైనవి వద్దు. ఇత్తడి కడ్డీ నుంచి ఘనంగా తిప్పించిన డమ్మీలు చాలు. మొత్తం పొడవు 1.592 అంగుళాలు, కింది అంచు వ్యాసం 0.525, అంచు మందం 0.065. మిల్లీమీటర్లలో సుమారుగా 40.4, 13.3, 1.65. గుల్ల లేదు, మందు లేదు, మందుకి నిప్పు అంటించే క్యాప్ లేదు. స్టేషన్ వైపున్న లేత్ మేస్త్రికి డ్రాయింగ్ ఇస్తే "ఇవేటి గురూ, కుర్చీ కోళ్లా?" అన్నాడు. ఏవని చెబితే "అయితే సైజు తప్పకూడదు" అని మైక్రోమీటర్ తీశాడు. ఆయన మీద నాకు గురి అందుకే.

తొలేళ్ల రోజు

షాపు మధ్యాహ్నమే మూసేశాం. మర్నాడు మంగళవారం సిరిమాను. మూడులాంతర్ల వైపు బండి కాదు కదా, మనిషి కూడా నడవలేడు. పని లేదు. లాకర్ తాళం రెండుసార్లు చూసుకుని ఇంటికెళ్లాను.

సిరిమాను తర్వాత

డమ్మీలు వచ్చాయి. అంచు మందం ఒక్కోదానికీ కొలిచాను, అన్నీ 65 థౌకి అటూ ఇటూ వెంట్రుక తేడా. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మా పనిలో మిల్లీమీటర్లు నోట్లో పలుకుతాయి గానీ చేతిలో థౌలే ఆడతాయి. నూరు థౌలంటే రెండున్నర మిల్లీమీటర్లు.

మ్యాగజైన్‌లో రెండు డమ్మీలు పెట్టి లివర్ ఆడించాను. మొదటిది బయటికి వచ్చి క్యారియర్ (తూటాని గది ఎత్తుకి లేపే ముక్క) మీద కూర్చుంది, దాని వెనకే రెండోది కూడా సగం తోసుకొచ్చింది. క్యారియర్ పైకి లేవలేదు. లివర్ అక్కడే బిగిసింది. బాబుగారు చెప్పింది ఇదే. దీనికీ లాకులకీ సంబంధమే లేదు.

రెండో తూటాని ఆపాల్సింది కార్ట్రిడ్జ్ స్టాప్. లోపల ఎడమ వైపున్న గైడు పలకలో చిన్న పిన్ను మీద తిరిగే ముక్క. వెనక బియ్యపు గింజంత స్ప్రింగ్. దాని ముక్కు అరిగినా, స్ప్రింగ్ చచ్చినా ఇదే జరుగుతుంది. ఏది అన్నది విప్పితేగానీ తెలియదు. లివర్ ఆడించి ఇరుక్కున్నప్పుడు బలంగా తిప్పకూడదు. చాలా మంది బలం పెడతారు, క్యారియర్ వంగుతుంది. ఇది వంగలేదు, ఆయన అదృష్టం. తమ్ముడు రైఫిల్ ముక్కు కిందికి వంచి, తూటాలు పెట్టే పక్క గేటు లోపలికి నొక్కి రెండో డమ్మీని వెనక్కి తోస్తే బిగువు వదిలింది.

విప్పడం

స్క్రూల దగ్గరే పాత తుపాకులు నాశనమవుతాయి. మామూలు స్క్రూడ్రైవర్ మొన చివర సన్నగా, పైకి వెళ్లేకొద్దీ మందంగా, ఏటవాలుగా ఉంటుంది. గాడి పైఅంచులనే పట్టి చింపేస్తుంది. సమాంతరంగా, లోపలికి గుండ్రంగా నూరిన మొనలు కావాలి, ఒక్కో గాడికి ఒక్కో మొన. ఈ రైఫిల్‌లో ఇదివరకే ఎవరో చెయ్యి పెట్టారు. హ్యామర్ స్క్రూ తల చిరిగి ఉంది. మిగిలినవి బాగానే ఉన్నాయి, అంటే ఆ మనిషి కేవలం హ్యామర్ కోసమే విప్పాడన్నమాట. ఎందుకు విప్పాడా అని ఒక ప్రశ్న పక్కన రాసుకున్నాను.

రాత్రంతా స్క్రూలకి చొచ్చుకుపోయే నూనె పట్టించి వదిలాను. పొద్దున్న వెనక కర్ర తీశాను, మెయిన్‌స్ప్రింగ్ బిగువు వదిలించాను, హ్యామర్ స్క్రూ తీశాను, కింది టాంగ్ (వెనక కర్రలోకి వెళ్లే ఉక్కు పట్టీ) హ్యామర్‌తో ట్రిగ్గర్‌తో కలిసి వెనక్కి జారి వచ్చింది. తర్వాత లాకింగ్ దిమ్మల పిన్ను, లివర్ పిన్ను, క్యారియర్ స్క్రూలు, గైడులు. పిన్నులు కొట్టడానికి ఇత్తడి పంచ్ వాడాను, ఉక్కుది కాదు. ఎడమవీ కుడివీ ఒకేలా కనబడతాయి కానీ మార్చి పెట్టకూడదు. రోజంతా ముక్కలన్నీ ఒక్కోటి ఒక్కో గడిలో పెట్టి, గడి మీద అట్టముక్క, ఫోన్‌లో ఫోటో.

లోపల మురికి గురించి కొంచెం చెప్పాలి. నల్లమందు మసి, ఎండిపోయిన నూనె, తుప్పు పొడి, ఎక్కడో ఒక బొద్దింక కాలు. ఎన్నికలప్పుడు డిపాజిట్ పెట్టి తెచ్చుకున్న తుపాకుల్లో ఇలాంటి తుప్పు నేను చాలా చూశాను. నూనె పట్టించకుండా ఇస్తే, మన గాలి తేమకి నెలల్లో ఎర్రబారిపోతుంది. ఇచ్చేటప్పుడు నూనె గుడ్డతో తుడిచి ఇవ్వాలి, తిరిగొచ్చిన రోజే మళ్లీ తుడవాలి. సముద్రం దగ్గర జిల్లాలో ఇది పాటించకపోతే తర్వాత నా దగ్గరికి రావాల్సిందే.

గొట్టంలో గుంటలు ఉన్నాయి. ఇది పేల్చి కడగకపోవడం వల్ల వచ్చింది. పాత క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పు లాంటిదే. గాలిలో నీటిని లాగి ఉక్కుని తినేస్తుంది. ఉప్పుని నూనె కరిగించదు. నూనెతో ఎంత తుడిచినా లాభం లేదు, వేడి నీళ్లు పోయాలి. తాతగారి రోజుల్లో గట్టిగా మరిగిన నీళ్లు గరాటాతో గొట్టంలోకి పోసేవారని బాబుగారే చెప్పారు. ఆయన పోశారు, తర్వాతి తరం మానేసినట్టుంది.

మెత్తని సీసం ముక్కని గొట్టంలో తోసి కొలిచాను. దీంట్లో ఆరు గాళ్లు కాబట్టి ఎదురెదురు గాళ్ల మధ్య కొలత నేరుగా వస్తుంది. 429 థౌ. పాత .44-40 గొట్టాల్లో ఈ కొలత అటూ ఇటూ ఉండటం మామూలే. గుంటలు ఉన్నాయి, పగుళ్లు కనబడలేదు. గొట్టం గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

లాకులు

బాబుగారి అనుమానం ఇక్కడే కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాను.

మొదట కంటితో చూశాను. రెండు లాకింగ్ దిమ్మల ముందు ముఖాలు, అవి ఆనుకునే బోల్ట్ పక్క గాళ్లు, రిసీవర్‌లో (ఈ ముక్కలన్నీ కూర్చునే రైఫిల్ మధ్య భాగంలో) అవి జారే నిలువు గాడి. ఈ మూడు చోట్ల అరుగుదల ఉంటే పేలిన ప్రతిసారీ బోల్ట్ వెంట్రుకంత వెనక్కి వస్తుంది. అంచులు గుండ్రబడటం, నొక్కుకుపోయి పెదవిలా ముందుకు వచ్చిన లోహం, మెరిసే మెట్టు, ఇవి చూశాను. ఎడమ దిమ్మ ముఖం సాఫీగా ఉంది. కుడి దిమ్మ పై మూల కొంచెం మెరుస్తోంది.

తర్వాత మసి పరీక్ష. ఇంజనీర్లు వాడే నీలం రంగు డబ్బా షాపులో ఉంది గానీ నాకు కిరసనాయిలు దీపం మసే నచ్చుతుంది. పొర పలచగా ఉంటుంది, అబద్ధం ఆడదు. ఎక్స్‌ట్రాక్టర్ (గదిలోంచి గుల్లని లాగే కొక్కెం), ఎజెక్టర్ (దాన్ని బయటికి విసిరేది) లేకుండా బోల్ట్‌ని ఒట్టిగా పెట్టి, దిమ్మల ముఖాలకి మసి పట్టించి, గదిలో డమ్మీ పెట్టి మూసి తెరిచాను. ఎడమ దిమ్మ మీద మసి ముఖమంతా తుడుచుకుపోయింది. కుడిదాని మీద కింది రెండు వంతులు తుడుచుకుంది, పైన ఒక చంద్రవంక అలాగే ఉండిపోయింది. మళ్లీ పట్టించి మళ్లీ చూశాను, అదే ఆకారం. కుడిది పూర్తిగా ఆనడం లేదు కానీ ఆనుతోంది. రెండూ బరువు మోస్తున్నాయి. ఆకురాయితో సరిచేయాలనే కోరిక ఇక్కడే పుడుతుంది. చేయకూడదు. ఆ ముఖం నుంచి తీసిన ప్రతి థౌ గదిని ఆ మేరకు లూజు చేస్తుంది. తీయడమే ఉంది గానీ తిరిగి పెట్టడం లేదు.

ఇక హెడ్‌స్పేస్. .44-40 తూటాని గదిలో ఆపేది అంచు. బ్యారెల్ వెనక ముఖానికీ బోల్ట్ ముఖానికీ మధ్య ఎంత సందు ఉందో అదే కొలవాలి. దీనికి గేజులు ఉంటాయి, నా దగ్గర ఈ తూటావి లేవు. డమ్మీ అడుగున సెల్లో టేప్ ముక్కలు గుండ్రంగా కత్తిరించి అంటించాను. టేప్ మందం మైక్రోమీటర్ మీద ఒక పొరకి 2 థౌ. ఎజెక్టర్ స్ప్రింగ్ ఉంటే తప్పుడు కొలత వస్తుంది, అందుకే ముందే తీసేశాను. లివర్‌ని వేలితో మాత్రమే మూశాను, అరచేతితో కాదు. పొర లేకుండా మూసుకుంది. ఒక పొరతో మూసుకుంది. రెండు పొరలతో చివర్లో కొంచెం తగిలి మూసుకుంది. మూడో పొరతో మూసుకోలేదు. అంటే సందు 69 దగ్గర ఉంది. నూరేళ్లు దాటిన రైఫిల్‌కి ఇది నాకు నచ్చిన అంకె. రిజిస్టర్‌లో 'లాకులు బాగున్నాయి' అని రాసి కింద గీత గీశాను.

లివర్ పిన్ను ఒక వైపు 3 థౌ అరిగింది, రంధ్రం కొంచెం కోలగా అయింది. లివర్ పక్కలకి ఆడుతున్నది ఇందుకే. చాలా మంది ఈ ఆటనే చూసి రైఫిల్ మొత్తం పోయిందంటారు. పేలుడు బరువు పడేది దిమ్మల మీద, లివర్ మీద కాదు. లివర్ పని దిమ్మల్ని పైకి లేపడం వరకే. కాబట్టి ఒకటే చూడాలి: లివర్ పూర్తిగా మూసినప్పుడు దిమ్మలు పూర్తిగా పైకి వచ్చాయా? రిసీవర్ పైభాగంతో సమంగా వచ్చాయి, గోరుతో తడిమితే మెట్టు తగల్లేదు. పిన్ను జోలికి వెళ్లలేదు.

ఫైరింగ్ పిన్ మొన గుండ్రంగానే ఉంది, చిన్న గుంట ఒకటి ఉంది. బోల్ట్ ముఖం నుంచి బయటికి వచ్చేది 48 థౌ. సెంటర్‌ఫైర్ రైఫిళ్లలో, అంటే క్యాప్ తూటా అడుగు మధ్యలో ఉండేవాటిలో, 40 నుంచి 60 మధ్య ఉంటే మామూలు. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పదును తగ్గింది కానీ డమ్మీని వదలడం లేదు.

హ్యామర్

దీనికోసమే ఈ డైరీ రాస్తున్నానని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటి రోజు హాఫ్‌కాక్ పరీక్ష పాసయిందని రాసుకున్నాను కదా. హ్యామర్‌ని కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, లూప్ (చిన్న భూతద్దం) కంట్లో పెట్టుకుని చూశాను. హాఫ్‌కాక్ గాడికి పైన పెదవిలా ఒక అంచు ఉంటుంది. ట్రిగ్గర్ మొన ఆ పెదవి కిందికి వెళ్లి ఇరుక్కుంటుంది, అప్పుడు ట్రిగ్గర్ నొక్కినా కదలదు. ఆ పెదవిలో ఎడమ సగం లేదు. విరిగిన చోట పాత తుప్పు ఉంది, అంటే ఎప్పుడో విరిగింది. మిగిలిన కుడి సగం మొదట్లో తలవెంట్రుక లాంటి గీత. నూనె రాసి తుడిస్తే గీతలోంచి నూనె మళ్లీ ఊరింది. గీత కాదు, పగులు.

తమ్ముడికి చూపిస్తే "మరి మొన్న పడలేదు కదన్నా" అన్నాడు. పడదు. సగం పెదవి ఉన్నంతకాలం నెమ్మదిగా నొక్కితే ఆపుతుంది. ఎప్పుడో ఒకసారి, చెయ్యి జారినప్పుడో కింద పడినప్పుడో, మిగిలిన సగం కూడా ఊడుతుంది. ఊడేదాకా పరీక్షలన్నీ పాసవుతూనే ఉంటాయి. హ్యామర్ స్క్రూ తల ఎందుకు చిరిగిందో కూడా అర్థమైంది. ఎవరో విప్పారు, చూశారు, ఏం చేయలేక మళ్లీ బిగించారు.

ఈ మోడల్‌కి వేరే సేఫ్టీ లేదు. మీట లేదు, బొత్తం లేదు. గదిలో తూటా ఉండగా మోసుకెళ్లాలంటే హాఫ్‌కాక్ ఒక్కటే దిక్కు. హ్యామర్‌ని పూర్తిగా కిందికి దించితే అది ఫైరింగ్ పిన్ మీద ఆనుతుంది, పిన్ క్యాప్ మీద ఆనుతుంది, వెనక నుంచి దెబ్బ తగిలితే పేలొచ్చు. బాబుగారు పెరట్లో నిజం తూటాలు పెట్టి ఆడించింది ఈ హ్యామర్‌తోనే. ఆ మాట రాస్తుంటే ఒళ్లు జలదరించింది.

హ్యామర్ పూర్తిగా లాగినప్పుడు పట్టే ఫుల్‌కాక్ గాడి మామూలుగానే ఉంది. అంచు కొంచెం గుండ్రబడింది, లోతు ఉంది. ట్రిగ్గర్ మొన బాగుంది.

దీన్ని రాయి మీద నూరి కొత్త పెదవి తీయొచ్చు కదా అని చదివేవాళ్లు అడుగుతారు. కుదరదు. హ్యామర్ పైపొర మాత్రమే గట్టిది, కేస్ హార్డెన్ చేసింది. ఆ పొర పలచన, కింద మెత్తని లోహం. నూరితే ఆ పొర పోతుంది, మిగిలేది రెండు నెలల్లో అరిగిపోయే పెదవి. టిగ్ వెల్డింగ్ పెట్టి, మళ్లీ గాడి కోసి, మళ్లీ గట్టిపరిచే వాళ్లు ఉన్నారు. అది చేతి అలవాటు ఉన్నవాళ్ల పని. వేడి ఎక్కువైతే పక్కనున్న ఫుల్‌కాక్ గాడి కూడా మెత్తబడుతుంది. నేను చేయను. సరైన దారి అసలు హ్యామర్ ఇంకొకటి సంపాదించడం, అదీ లైసెన్సున్న డీలరు ద్వారా. తుపాకీ భాగాలు కూడా చట్టం లెక్కలో ఆయుధాలే, పార్శిల్లో తెప్పించుకునే వస్తువులు కావు.

చిన్న పనులు

ఫ్రిక్షన్ స్టడ్ తుప్పుతో తన రంధ్రంలో బిగుసుకుపోయి ఉంది. నూనె, ఓపిక, ఇత్తడి పుల్ల. బయటికి వచ్చింది, స్ప్రింగ్ బాగానే ఉంది. రంధ్రం శుభ్రం చేసి తిరిగి పెడితే లివర్ మూసిన చోట కూర్చుంటోంది, తలకిందులు చేయకపోయినా వేలాడడం లేదు.

కార్ట్రిడ్జ్ స్టాప్ ముక్కు కొంచెం అరిగింది కానీ ఆపగలదు. స్ప్రింగ్ మూడు ముక్కలై ఉంది, తుప్పు. అదే కొలత స్ప్రింగ్ తీగ చుట్టి పెట్టాను. బిగించి డమ్మీలతో ఆడించాను. ఒక్కోటే వస్తోంది. వేగంగా, నెమ్మదిగా, రైఫిల్ పక్కకి వంచి, ముక్కు పైకెత్తి ఆడించినా ఒక్కోటే. బాబుగారి ఫిర్యాదులు రెండూ ఇక్కడితో తీరిపోయాయి. ఖర్చు చూస్తే ఒక స్ప్రింగ్, కొంచెం నూనె.

మ్యాగజైన్ స్ప్రింగ్ బలహీనపడింది, అడుగు తూటాని నెమ్మదిగా తోస్తోంది. దానికి తొందర లేదు.

అప్పగింత

బాబుగారు, అల్లుడు వచ్చారు. ముందు డమ్మీలతో లివర్ ఆడించి చూపించాను. బాబుగారి మొహం వెలిగింది. "సూసావా, లాకులు సరి సేసేసినాడు" అన్నారు అల్లుడితో. లాకులు ముట్టుకోలేదని చెప్పి, మసి అచ్చు ఫోటో చూపించాను. తర్వాత లూప్ ఆయన చేతికిచ్చి హ్యామర్ చూపించాను. పగులు కనబడటానికి కాసేపు పట్టింది. కనబడ్డాక లూప్ దించలేదు.

"ఇది పెట్టుకుని నానేటి సేసినాను..." అన్నారు. నేనేం అనలేదు.

రిజిస్టర్‌లో ఇలా రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం: 'ఫీడ్ సరిచేశాం. లాకింగ్, హెడ్‌స్పేస్ సరిపోయాయి. హ్యామర్ హాఫ్‌కాక్ అంచు సగం విరిగింది, మిగతా సగంలో పగులు. హ్యామర్ మార్చేదాకా తూటా పెట్టకూడదు.' ఆయన కాపీ ఒకటి లైసెన్సు పుస్తకంలో పెట్టుకున్నారు. నేను రైఫిల్ పెట్టెలో ఎర్ర అక్షరాలతో ఒక చీటీ కూడా కట్టాను. రేపు ఆయన లేకపోయినా విప్పిన వాడికి తెలియాలి.

అల్లుడు అడిగాడు: అయితే ఫైరింగ్ పిన్ తీసేసి గోడకి తగిలించేద్దామా, అప్పుడు లైసెన్సు గొడవ ఉండదు కదా? ఉంటుంది. పిన్ తీసినంత మాత్రాన పనికిరాని వస్తువు అయిపోదు, తిరిగి పెట్టొచ్చు కదా. లైసెన్సు వదులుకోవాలంటే దానికో పద్ధతి ఉంది, లైసెన్సు ఇచ్చిన ఆఫీసులో అడగమన్నాను. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. ఆయన దగ్గర ఇంకొకటి ఉందట, కాబట్టి ఆ లెక్క కూడా అక్కడే చూసుకోమన్నాను.

బాబుగారు మాత్రం గోడ మాట వినలేదు. "హ్యామర్ ఎతుకుతావా బావూ?" అన్నారు. డీలర్లకి రాస్తానని చెప్పాను. మోడల్, సీరియల్ నంబరు, హ్యామర్ స్క్రూ రంధ్రం నుంచి గాడి దాకా కొలతలు, నాలుగు వైపుల ఫోటోలు సిద్ధం చేసి పెట్టాను. పాత హ్యామర్ దొరికినా పెట్టే ముందు మళ్లీ లూప్ కింద పెట్టాల్సిందే. ఇంకొకరి రైఫిల్‌లోంచి ఊడదీసినదాన్ని ఎందుకు ఊడదీశారో ముందు తెలుసుకోవాలి.